గుర్రం కొనాలా, క్లబ్బు మానాలా? టెక్సస్ నుంచి ఒక ఉత్తరం

డాలస్‌కి ఉత్తరాన డెంటన్ కౌంటీలో ఉండే ఒక పాఠకురాలు పొడుగాటి ఉత్తరం రాశారు, పేరు వేయొద్దన్నారు. ఆవిడకి 43 ఏళ్లు, సొంతూరు ప్రకాశం జిల్లాలో ఒక పల్లె, ఐటీ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నాలుగేళ్ల కిందట కూతుర్ని గుర్రపుస్వారీ క్లాసులో చేర్పిస్తే అమ్మాయి ఆరు నెలలకే మానేసిందట, అమ్మ మాత్రం మానలేకపోయారు. ఇప్పుడు వాళ్ల ప్రాంతంలోని రాంచ్ హార్స్ క్లబ్బులో, అంటే పశువుల దగ్గర పనిచేసే గుర్రాలతో పోటీలు పెట్టే క్లబ్బులో సభ్యురాలు, నొవిస్, అంటే కొత్తవాళ్ల విభాగంలో పోటీలకు వెళ్తున్నారు. అక్కడ ఒక్కో రకం పోటీని క్లాసు అంటారు: రాంచ్ రైడింగ్, రైనింగ్ అనేవాటిలో ముందే ఇచ్చిన ప్యాటర్న్, అంటే వరస ప్రకారం గుర్రంతో విన్యాసాలు చేయించాలి, ఆవుల క్లాసులో గుర్రం మీద నుంచి ఆవును అదుపు చేయాలి. సొంత గుర్రం లేదు. 17 ఏళ్ల క్వార్టర్ హార్స్ జాతి ఆడగుర్రాన్ని హాఫ్ లీజుకు తీసుకున్నారు, అంటే దాని ఖర్చులో సగం భరించి వారానికి మూడు రోజులు ఎక్కడం.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ గుర్రం యజమానురాలు వేరే రాష్ట్రానికి వెళ్లిపోతున్నారు. నెలాఖరులోగా కొంటారో లేదో చెప్పండి, వేరేవాళ్లు అడుగుతున్నారు అన్నారట. అదే సమయంలో ట్రైనర్, ఆ ముసలిదానితో మీరింక ఎదగలేరు, నా దగ్గర ఆరేళ్ల గెల్డింగ్ (విత్తులు తీసిన మగగుర్రం) ఉంది, దానితోనైతే రెండేళ్లలో పై విభాగానికి వెళ్తారు అంటున్నారు. దాని ధర ఈ ఆడగుర్రానికి నాలుగు రెట్లు. పోయిన చలికాలం ఆవుల క్లాసు ప్రాక్టీసులో పడి ఈవిడ మణికట్టు ఎముక చిట్లింది, అప్పట్నుంచి భర్త ‘ఇక చాలు’ అంటున్నారు. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు ‘ఇద్దరు పిల్లల తల్లివి, కాలో చెయ్యో విరిగితే ఎవరు చూస్తారమ్మా’ అంటున్నారు. ఉత్తరం చివర్లో ఇంకో సంగతి కూడా ఉంది: లీజు డబ్బు సంగతి భర్తకు తెలియదు. ఆయనకు తెలిసింది స్వారీ నేర్చుకునే ఫీజు మాత్రమే, మిగతాది రెండేళ్లుగా తన బోనస్ పడే వేరే అకౌంట్లోంచి కడుతున్నారు.

ఆవిడ మాటల్లోనే కొంత: “క్లబ్బులో నేనొక్కదాన్నే ఇండియన్‌ని. పొద్దున్నే టోపీలు తీసి ప్రార్థన చేస్తారు, నేనూ నిలబడతాను. మంచివాళ్లే, కానీ నాకిక్కడేం పని అనిపిస్తుంది. పోయిన షోలో రాంచ్ రైడింగ్‌లో 64 వచ్చింది, రైనింగ్‌లో ఒక వలయం ఎక్కువ తిరిగి ప్యాటర్న్ తప్పాను. ఆ కాగితం చూసి మా ఆయన ‘దీనికా ఇంత ఖర్చు’ అన్నారు. ఆయన మాత్రం ప్రతి శనివారం క్రికెట్ లీగ్‌కి వెళ్తారు. గుర్రం కొనాలా, కొంటే ఏది, లేక అన్నీ మానేసి ఇంట్లో ప్రశాంతంగా ఉండాలా?”

అమ్మా, మీరు ఒక ప్రశ్న అడిగాననుకుంటున్నారు గానీ ఇందులో మూడున్నాయి. గుర్రం కొనాలా అన్నది ఒకటి, పోటీల్లో కొనసాగాలా అన్నది ఇంకొకటి, ఇంట్లో దాచిన డబ్బు సంగతి మూడోది. నెలాఖరు గడువు మొదటిదానికి మాత్రమే ఉంది. మిగతా రెండింటికీ ఎవరూ తేదీ పెట్టలేదు, మీరే మూడింటినీ ఒకే మూటకట్టి అదే తేదీ నెత్తిన పెట్టుకుని టెన్షన్ పడుతున్నారు. ఆ మూట విప్పుదాం.

ముందు ఆ 64. మన ఇళ్లల్లో 64 అనగానే నూటికి 64 అనుకుంటాం, మీవారూ అలాగే చదివి ఉంటారు. ఈ పోటీల్లో లెక్క వేరు. రాంచ్ రైడింగ్‌లోనూ రైనింగ్‌లోనూ అరీనాలోకి అడుగుపెట్టిన ప్రతివాళ్లూ 70తో మొదలవుతారు. ఒక్కో విన్యాసానికి జడ్జి మైనస్ ఒకటిన్నర నుంచి ప్లస్ ఒకటిన్నర వరకు, అర పాయింటు లెక్కన ఇస్తారు. ఉన్నదున్నట్టు సరిగ్గా చేస్తే సున్నా, 70 అలాగే ఉంటుంది. తప్పులకు పెనాల్టీ వేరేగా తీస్తారు. లోప్‌లో, అంటే నెమ్మది దౌడులో, ఎడమ వలయం తిరుగుతుంటే గుర్రం ఎడమ ముంగాలు ముందుకు చాపి పరుగెత్తాలి, అలా ముందుండే కాలునే లీడ్ అంటారు, కుడికాలితో ఎత్తుకుంటే రాంగ్ లీడ్, రాంచ్ రైడింగ్‌లో దానికి 3 పాయింట్లు పోతాయి. ఒక లీడ్ తప్పి, రెండు మూడు విన్యాసాల్లో ఒక్కో పాయింటు తగ్గితే 64 దగ్గరికి వచ్చేసినట్టే. అంటే మీరు ఫెయిల్ కాలేదు, చాలా పనులు సవ్యంగా చేసి నాలుగు చోట్ల పొరపాటు పడ్డారు.

ఇదంతా ఓదార్పు కోసం చెప్పట్లేదు. ఆ స్కోరు షీట్లు క్లబ్బు దగ్గర అడిగి తీసుకోండి, మీ షోలన్నీ పక్కపక్కన పెట్టుకుని ఏ గడిలో మైనస్ పడిందో చూడండి. ప్యాటర్న్ మరిచిపోవడం, లీడ్ ఆలస్యంగా అడగడం, గుర్తు దాటాక ఆపడం లాంటివే ఎక్కువుంటే అవి రైడర్‌వి, నాలుగు రెట్ల ధర పెట్టిన గుర్రం మీద కూర్చున్నా మీతోపాటే వస్తాయి. అలా కాక స్పిన్‌లో, అంటే ఉన్నచోటే గిరగిరా తిరగడంలో, స్టాప్‌లో ప్రతిసారీ, జడ్జి ఎవరైనా సరే మైనస్ పడుతుంటే అది గుర్రం వెనక కాళ్ల కీళ్ల సంగతి కావచ్చు. ట్రైనర్ మాటలో ఎంత నిజముందో ఆ కాగితాలే చెబుతాయి, అవి చూడకుండా గెల్డింగ్ గురించి ఆలోచించడం కూడా అనవసరం.

ఇక పడటం గురించి. ఆవు ఒక్కసారిగా కుడికి తిరిగితే గుర్రం దానితోపాటు తిరిగిందనీ, మీరు ఎడమవైపు జారిపోయారనీ రాశారు. క్వార్టర్ హార్స్ అంటేనే అది. వెయ్యి పౌండ్ల పైబడిన జంతువు ఆవు కదలికను మీకంటే ముందే పసిగట్టి తిరిగిపోతుంది, జీను మీద మీ నడుము సిద్ధంగా లేకపోతే అంతే. ‘మా తాత ఎడ్ల దగ్గర పెరిగాను, పశువులంటే భయం లేదు’ అని గర్వంగా రాశారు, బాగుంది. మీకో మాట చెప్పాలి: టెక్సస్‌లో ప్రాక్టీసుకు తెచ్చే పశువుల్లో బ్రాహ్మన్ రక్తం కలిసినవి చాలా ఉంటాయి, మూపురం, వేలాడే గంగడోలు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. అమెరికన్ బ్రాహ్మన్ జాతిని తయారుచేసిన మన దేశపు జాతుల్లో మీ ఒంగోలు కూడా ఒకటి, నెల్లూరు అనే పేరుతో. కాబట్టి ఆ అరీనాలో మీకు ఎదురు నిలబడ్డది ఒకరకంగా మీ ఊరి చుట్టమే. కాకపోతే మీ తాతగారి ఎడ్లకు మీరు అలవాటు, వీటికి కాదు, ఇవి చురుకు, బెదురు రెండూ ఉన్నవి.

ఆవుల క్లాసు విషయంలో మీకు మూడు దారులున్నాయి. పూర్తిగా వదిలేసి రాంచ్ రైడింగ్, అడ్డంకులు దాటించే ట్రెయిల్, రైనింగ్ మాత్రమే చేయొచ్చు. ప్రమాదం బాగా తగ్గుతుంది, ఇంట్లోవాళ్లూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు, కానీ అన్ని క్లాసులూ కలిపి ఇచ్చే ఆల్ అరౌండ్ బహుమతి లెక్కలోంచి బయటికి వచ్చేస్తారు. లేదంటే ఒక సీజన్ ఆపి, మళ్లీ మెల్లగా మొదలుపెట్టొచ్చు. వాడి వాడి మందగించిన పశువులతో, నడకలో, బాక్సింగ్ మాత్రమే, అంటే అరీనా ఒక కొసన ఆవును అటూ ఇటూ పోనివ్వకుండా ఎదురు నిలవడం వరకే. చాలా క్లబ్బుల్లో నొవిస్‌లకు కంచె వెంబడి ఆవును తరిమి తిప్పే పని ఉండదు, బాక్స్ చేసి, రెండో కొసకు తోలి, అక్కడ మళ్లీ బాక్స్ చేయడంతో అయిపోతుంది, మీ క్లబ్బు రూల్ బుక్కు చూసుకోండి. ఆవు పనిలో ఖాళీ చేత్తో జీను కొమ్ము పట్టుకోవడం తప్పేమీ కాదు, సిగ్గుపడి వదిలేయకండి. మూడోది ఇప్పుడున్నట్టే కొనసాగడం. అది మాత్రం నేను చెప్పలేను, పడ్డచోటికే ఏ మార్పూ లేకుండా వెళ్తే మీ నడుము బిగుసుకుపోతుంది, ఆ బిగువు గుర్రానికి తెలిసిపోతుంది.

ఏది ఎంచుకున్నా హెల్మెట్ మాత్రం పెట్టుకోండి. ఏఎస్‌టీఎం అనే భద్రతా ప్రమాణంతో, దాన్ని ధ్రువీకరించే ఎస్ఈఐ సంస్థ ముద్ర ఉన్నది. అందరూ కౌబాయ్ టోపీల్లో ఉంటే మీరొక్కరే హెల్మెట్‌లో కనిపిస్తారని ఉత్తరంలో మొహమాటపడ్డారు. దానికి జడ్జి పాయింటు తగ్గించరు. పడినప్పుడు తలకు తగిలి ఉంటే పైకి బాగానే కనిపించినా ఆ హెల్మెట్ మార్చేయండి. ఇంకొకటి, మీ బార్న్ (గుర్రాలశాల) గేటు దగ్గర పెద్దక్షరాల హెచ్చరిక బోర్డు ఉంటుంది, ఎప్పుడైనా నిలబడి చదివారా? గుర్రాలతో సహజంగా ఉండే ప్రమాదాలకు బార్న్‌వాళ్ల మీద, పోటీ నిర్వాహకుల మీద బాధ్యత ఉండదని టెక్సస్ చట్టం చెబుతుంది, ఆ బోర్డు దాని కోసమే. అంటే ఆసుపత్రి ఖర్చు మీ ఇన్సూరెన్సు మీదే, ఇన్సూరెన్సు ఇచ్చేముందు మనం కట్టాల్సిన డిడక్టిబుల్ మీ ఇంటి డబ్బులోంచే. మీవారి భయంలో ఈ భాగం ఉంది, అది ఉత్తి చాదస్తం కాదు.

అత్తగారి మాటకొస్తే, కట్టు ఉన్నన్ని వారాలూ వంట, పిల్లల టిఫిన్ బాక్సులు ఆవిడే చూశారని మీరే రాశారు. ‘ఎవరు చూస్తారు’ అనే మాట మీకు దెప్పిపొడుపులా వినిపించింది. నాకు మాత్రం అది చేసిన మనిషి అడిగిన ప్రశ్నలా ఉంది. ఆవిడ వెనక్కి వెళ్లిపోయాక మళ్లీ అలా జరిగితే ఇల్లు ఎలా నడుస్తుంది? దీనికి మీ దగ్గర జవాబుంటే, ఫలానా క్లాసు మానేశాను, ఫలానావాళ్లు పిల్లల్ని దింపుతారు, వంటకు మనిషిని మాట్లాడుకుంటాను అని చెప్పగలిగితే, ఆవిడతో గొడవ సగం తగ్గుతుంది. వీలైతే ఒక పొద్దున బార్న్‌కు తీసుకెళ్లండి, పోటీకి కాదు, దాణా వేసే వేళకి. పశువుల మధ్య బతికిన మనిషికి అక్కడ చూడ్డానికి చాలా ఉంటుంది.

ఇప్పుడు డబ్బు. మీరు ఈ సంగతిని చివరి పేరాలో పెట్టారు, నేనైతే గుర్రం కంటే దీన్నే ముందు పెడతాను. రెండేళ్లు, ప్రతి నెలా. మీ వాదన నాకు అర్థమవుతుంది: నా బోనస్, నా కష్టం, ఇంటి ఖర్చుకు ఏ లోటూ రానివ్వలేదు, చెబితే వద్దంటారని చెప్పలేదు. కానీ టెక్సస్‌లో పెళ్లయ్యాక ఇద్దరిలో ఎవరు సంపాదించినా అది చట్టం లెక్కలో సాధారణంగా ఇద్దరి ఆస్తి. రేపు మీరు గుర్రం కొంటే అది కూడా అంతే. చట్టం పక్కన పెట్టినా, గుర్రం దాచగలిగేది కాదు. లీజు అయితే నెలకో చెల్లింపు, ఎలాగో నడిచిపోయింది. సొంత గుర్రమంటే నాడాలు కొట్టేవాడి బిల్లు, పశువుల డాక్టరు బిల్లు, అర్ధరాత్రి బార్న్ నుంచి ఫోను. ఏదో ఒక రోజు ఆయన ఫోనెత్తుతారు.

చెప్పకుండా ఉంటే ఏమవుతుందంటే, కొన్నాళ్లు ఏమీ కాదు. తర్వాత తెలిసిన రోజున మాట గుర్రం మీద ఉండదు, నమ్మకం మీద ఉంటుంది, అప్పుడు మీ నాలుగేళ్ల కష్టం, నేర్చుకున్న విద్య అన్నీ ఆ ఒక్క మాట కింద పడిపోతాయి. ఇకమీదట మాత్రం అన్నీ చెప్పి పాతది వదిలేయడం రెండో దారి. చాలామంది ఇదే చేస్తారు, కానీ ‘ఇదివరకు ఎంతయ్యేది’ అని ఆయన అడిగే మొదటి ప్రశ్నకే మీరు ఆగిపోతారు. మూడోది మొత్తం లెక్క కాగితం మీద రాసి ముందు పెట్టడం. కోపం వస్తుంది, రెండు మూడు వారాలు ఇల్లు బరువుగా ఉండొచ్చు, ‘అయితే ఇవాళే మానెయ్’ అనొచ్చు కూడా. నేనైతే దీన్నే ఎంచుకుంటాను. ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి, డబ్బు గురించి చెప్పడం వేరు, స్వారీ చేయడానికి పర్మిషన్ అడగడం వేరు. మొదటిది ఆయనకు మీరు బాకీ. రెండోది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది, నెలకు ఇంత, నెలలో ఇన్ని శనివారాలు అని.

ఆ రోజు మాత్రం క్రికెట్ ఊసెత్తకండి. న్యాయంగా ఆ పోలిక సరైనదే, ఆయన శనివారాలకు విలువుంటే మీవాటికీ ఉంది. కానీ దాచినదాని గురించి చెబుతూ అదే నోటితో ‘నువ్వు మాత్రం’ అంటే మీరు చెప్పింది కూడా ఆయనకు వినిపించదు. అది ఇంకో రోజు మాట్లాడండి, తప్పకుండా మాట్లాడండి. ఆయన ఇంతవరకు మిమ్మల్ని గుర్రం మీద చూడలేదని రాశారు, చూసింది కట్టు కట్టిన చెయ్యీ, 64 అని రాసిన కాగితమూ మాత్రమే. షోకి రమ్మంటే రోజంతా ఎండలో కూర్చోవాలి, రారు. ఒక సాయంత్రం గంటసేపు ప్రాక్టీసుకి పిలవండి.

ఇక గుర్రాలు. మీ ఆడగుర్రం గురించి రాసినచోట మీ అక్షరాలే మారిపోయాయి, అది మీ అడుగు విని తల ఎత్తుతుందని, కళ్లెం పెట్టబోతే తనే తల వంచుతుందని రాశారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ లెక్క చెప్పాలి. బాగా చూసుకుంటే గుర్రం పాతిక నుంచి ముప్పై ఏళ్లు బతుకుతుంది. దానికిప్పుడు 17. నొవిస్ స్థాయి పని ఇంకో మూడు నాలుగేళ్లు చేయొచ్చు, అదృష్టం బాగుంటే ఇంకాస్త. ఆ తర్వాత ఐదారేళ్లో, పదేళ్లో అది ఏ పనీ చేయకుండా తింటుంది, ఆ తిండి మీరే పెట్టాలి. పెట్టలేక అమ్మితే ముసలి గుర్రం ఎక్కడికి పోతుందో మీకు తెలియాలి. టెక్సస్‌లో గుర్రాల కబేళాలు 2007లో మూతపడ్డాయి, కానీ వేలంపాటల్లో కొనేవాళ్లు సరిహద్దు దాటించి మెక్సికోకు తోలుతూనే ఉన్నారు. దాన్ని కొనడమంటే చివరిదాకా దాని బాధ్యత తీసుకోవడం. బిడ్డల కాలేజీ ఖర్చులు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి, అది కూడా కలిపి లెక్కేసుకోండి.

కొనే ఆలోచన గట్టిగా ఉంటే డాక్టరు చేత పరీక్ష చేయించకుండా పైసా ఇవ్వకండి, రెండేళ్లుగా నేనే ఎక్కుతున్నాను కదా అనుకోకండి. బార్న్‌కు మామూలుగా వచ్చే డాక్టరు కాకుండా వేరే ఆయన్ని పిలవండి. కాలు కాసేపు మడిచి పట్టుకుని వదిలేసి వెంటనే ట్రాట్, అంటే చిన్న పరుగు, చేయిస్తారు, కుంటుతుందేమో చూస్తారు. వెనక కాళ్ల హాక్ కీళ్లకు, ముందరి గిట్టలకు ఎక్స్‌రేలు తీయించండి, నొప్పి తెలియకుండా మందులేమైనా ఇచ్చారేమో తేల్చడానికి రక్తం నమూనా తీయించండి, ఇదివరకు కీళ్లలో ఇంజెక్షన్లు చేయించారేమో రికార్డులు అడగండి. ఆ వయసు గుర్రానికి ఎక్స్‌రేలో ఏదో ఒకటి కనిపిస్తుంది, గాభరా పడొద్దు. ‘బాగుందా లేదా’ అని అడిగితే డాక్టరు ఏమీ చెప్పలేరు. ‘నేను చేసే స్థాయి పని వారానికి నాలుగు రోజులు ఎన్నాళ్లు చేయగలదు, అందుకు ఏడాదికి ఏమేం చేయించాలి’ అని అడగండి, పనికొచ్చే జవాబు వస్తుంది.

నెల ఖర్చు ఇప్పటికి రెట్టింపు అవుతుందనుకుంటున్నారు, అంతకంటే ఎక్కువే అవుతుంది. లీజులో మీకు కనపడని ఖర్చులున్నాయి. రోజుకు 20 పౌండ్ల దాకా గడ్డి తింటుంది, 50 పౌండ్ల మోపు రెండున్నర రోజులకు సరి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి నాడాలు కొట్టాలి. ఏడాదికోసారి పళ్లు అరగదీయాలి, వసంతంలో టీకాలు వేయించాలి, పోటీలకు వెళ్లాలంటే 12 నెలల లోపు చేయించిన కాగిన్స్ అనే రక్త పరీక్ష కాగితం ఉండాలి. ఇవన్నీ ముందే తెలిసే ఖర్చులు. కడుపు నొప్పి, వాళ్లు కోలిక్ అంటారే, అది చెప్పి రాదు. పేగు మెలిపడితే ఆపరేషన్‌కు వేల డాలర్లు. 20 ఏళ్ల గుర్రానికి ఆపరేషన్ చేయిస్తామా లేదా అన్నది మీరూ మీవారూ ఇప్పుడే, తెలివిగా ఉన్నప్పుడే అనుకోండి, అర్ధరాత్రి డాక్టరు అడిగినప్పుడు కాదు.

ఇందులో ఒక మధ్యే మార్గం ఉంది, మీకు తట్టినట్టు లేదు. మీరు కొని, ఇన్నాళ్లూ మీరు తీసుకున్నట్టే సగం లీజును బార్న్‌లో ఇంకో కొత్త రైడర్‌కు ఇవ్వొచ్చు. నిదానమైన, అన్నీ తెలిసిన ముసలి గుర్రానికి అలాంటివాళ్లు దొరుకుతారు. మీ నెల ఖర్చు ఇప్పటికి దగ్గరగానే ఉంటుంది. దానికి బదులు కొన్ని రోజులు వదులుకోవాలి, ఎవరు ఎన్ని రోజులు ఎక్కాలి, డాక్టరు బిల్లు ఎవరిది, షోలకు తీసుకెళ్లొచ్చా, దెబ్బ తగిలితే ఏమిటి అన్నది కాగితం మీద రాసుకోవాలి, గుర్రం మరీ అలిసిపోకుండా మీరే చూసుకోవాలి.

ఆరేళ్ల గెల్డింగ్ సంగతి. దాని మీద నాకు కోపం లేదు, మంచి గుర్రమే అయి ఉండొచ్చు. కానీ పాతకాలం నుంచీ ఈ పోటీల్లో ఉన్న లెక్క ఏమిటంటే, ఐదేళ్ల దాకా గుర్రాన్ని స్నాఫిల్ అనే మెత్తని కళ్లెంతో రెండు చేతులా నడపొచ్చు, ఆరో ఏటి నుంచి కర్బ్ బిట్ అనే ఇంకో రకం కళ్లెంతో ఒంటి చేత్తో నడపాలి. కొన్ని క్లాసుల్లో సడలింపులున్నాయి గానీ మొత్తమ్మీద పద్ధతి అది. అంటే ఈ గెల్డింగ్ ఇప్పుడిప్పుడే ఒంటి చేతి కళ్లేనికి అలవాటు పడుతుంటుంది. మీరేమో ఇంకా లీడ్ అడగడం దగ్గర తడబడుతున్నారు. ఒకరికొకరు నేర్పుకోలేని ఇద్దర్ని కలిపినట్టవుతుంది, మధ్యలో ప్రతి వారం ట్రైనర్ ఎక్కి సరిచేయాలి, దానికీ ఫీజే. పడటం గురించి భయం ఇంకా పోని ఏడాది అది.

ట్రైనర్‌ను ఒక సూటి ప్రశ్న అడగండి: ఈ గుర్రం మీదేనా, వేరేవాళ్లదా, అమ్మితే మీకెంత కమిషన్? ఈ వృత్తిలో కమిషన్ మామూలే, అడగడం అవమానమేమీ కాదు, మంచి ట్రైనర్ వెంటనే చెప్పేస్తారు. గుర్రం ఆయనదే అయితే అమ్మేవాడూ సలహా చెప్పేవాడూ ఒక్కరే, అప్పుడు ఇంకో బార్న్ నుంచి ఒకరికి డబ్బిచ్చి చూపించండి. అయినా అదే కావాలనిపిస్తే రెండు వారాలు ట్రయల్ అడగండి, పొద్దున్నే ఎవరూ ముందుగా తిప్పి అలసగొట్టకుండా మీరే జీను వేసి ఎక్కండి, తెలియని అరీనాకు తీసుకెళ్లి చూడండి.

ఏదీ కొనకపోవడం కూడా ఒక దారే. ఈ సీజన్ స్వారీ నేర్పేచోట ఇచ్చే గుర్రాలతో నేర్చుకుంటూ, ఇంకో లీజు దొరికేదాకా ఆగొచ్చు. నష్టం ఏమిటంటే ఆ ఆడగుర్రం వెళ్లిపోతుంది, మీకు చాలా రోజులు కష్టంగా ఉంటుంది. పూర్తిగా మానేయడం గురించి అడిగారు. మానేస్తే ఇంట్లో గొడవ ఆగుతుంది, కానీ దాచిన లెక్క అలాగే ఉండిపోతుంది, పైగా ‘మీవల్లే మానేశాను’ అన్నది ఒకటి కొత్తగా చేరుతుంది. మానాలని మీకే అనిపిస్తే మానండి, ఇంకొకరికి ఇచ్చే కానుకలా వద్దు. నా మొగ్గు ఎటో చెప్పాలంటే: ఇంట్లో లెక్క తేలి, డాక్టరు మాట బాగుంటే ఆడగుర్రాన్ని కొని సగం లీజుకివ్వండి. ఆ రెండింట్లో ఏది కుదరకపోయినా ఈ ఏడాది ఏదీ కొనకండి.

క్లబ్బులో ఒంటరితనం గురించి. ప్రార్థన వేళ హెల్మెట్ తీసి నిశ్శబ్దంగా నిలబడుతున్నారు, అది చాలు, అంతకుమించి మీరు ఎవరికీ ఏమీ చూపించక్కర్లేదు. పశువుల్ని గుర్రం మీద నుంచి మళ్లించే ఈ విద్య మెక్సికో పశువుల కాపరులైన వకేరోల దగ్గర్నుంచి వచ్చింది, టెక్సస్ పశువుల మందల్ని ఉత్తరాదికి తోలిన కౌబాయ్‌లలో నల్లజాతివాళ్లు ఎందరో ఉన్నారు, ఇది ఏనాడూ ఒక్క రంగు మనుషుల సొత్తు కాదు. అయినా పరాయితనం పోయేది చరిత్ర చదివితే కాదు, పని చేస్తే. ట్రెయిల్ క్లాసుకు ముందు దుంగలు, గేటు సర్దడానికి ఎప్పుడూ మనుషులు చాలరు, ఆ వేళకు అక్కడ ఉండండి. జడ్జి పక్కన కూర్చుని ఆయన చెప్పే అంకెలు రాసే స్క్రైబ్ పని అడిగి తీసుకోండి. మైనస్ అర ఎందుకు, ప్లస్ అర ఎందుకు అన్నది ఒక పూట రాస్తే కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది, మీ ప్యాటర్న్ తప్పడం కూడా దానితో సగం తగ్గుతుంది. గుర్రం లేని సీజన్లో కూడా ఈ పని చేయొచ్చు.

నెలాఖరు గడువు గురించి చివరిగా. యజమానురాలికి ఈ వారమే ఫోన్ చేసి, డాక్టరు పరీక్ష చేయించుకుని చెబుతాను, ఇంకో రెండు వారాలు ఆగండి అని అడగండి. ఊరికే ఆగమంటే ఆగకపోవచ్చు, కొంత డిపాజిట్ ఇస్తానని చెప్పండి, పరీక్షలో తేడా వస్తే తిరిగిచ్చేట్టు రాయించుకోండి. ఆ డిపాజిట్ కట్టేలోపే ఇంట్లో మాట జరిగిపోవాలి, చెక్కు ఇద్దరి పేరున ఉన్న అకౌంట్‌ది అయితే మంచిది. వద్దనుకుంటే గడువు దాకా సాగదీయకుండా ముందే చెప్పండి. కొనబోయేవాళ్లు ఎవరో, గుర్రాన్ని ఎక్కడ ఉంచుతారో, ఎవరు ఎక్కుతారో మొహమాటం లేకుండా అడగండి, మళ్లీ అమ్మాల్సి వస్తే ముందు నాకే చెప్పాలని అమ్మకం కాగితంలో ఒక వాక్యం రాయించమని కోరండి. చాలామంది ఒప్పుకుంటారు.